పదకొండో నంబరును చూద్దామని కువైట్ వెళ్లి

మా రాజంపేట వైపు కువైట్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ప్రతి వీధిలో అక్కడికి పోయినవాళ్లున్నారు, వచ్చినవాళ్లున్నారు. కానీ వాళ్లంతా పనికి పోయారు, పనిచేసిన ఇల్లో తోటో చూసి వచ్చారు. నేను నాలుగు రోజులు ఊరికే చూడటానికి పోయాను. అదీ ఒక ఆటగాణ్ణి చూడటానికి. అటువంటి పని మీద పోనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను టైలర్ని. ఏడో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, పొద్దున కొట్టు తెరిచేలోపు చదివిందే. అక్కడ ప్రపంచంలోని ఆటలన్నిటి మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. అట్ట ఊడిపోయింది, పేరున్న పేజీ కూడా లేదు. పక్కన డిక్షనరీ పెట్టుకుని రెండేళ్లు చదివాను. పంతొమ్మిదేళ్ల కిందట మా తమ్ముడు ఓబులేసు ఫింటాస్ అనే చోట ఒక లాండ్రీలో కుట్టుపనికి చేరాడు. ఒక శుక్రవారం ఫోన్ చేసి, "నా, ఈడ తెల్లోళ్లు కోడిగుడ్డు మాదిరి బంతితో ఆడుతాండారు. చేత్తో పట్టుకుంటారు, కాలితో తంతారు, గుద్దుతారు. అదేం ఆటో నాకు తెలీడం ల్యా" అన్నాడు. అన్నా అనడాన్ని మా వైపు నా అని కుదిస్తారు. నాకు తెలుసు. అది ఆస్ట్రేలియా ఫుట్‌బాల్. మైదానం గుండ్రంగా కాక గుడ్డులా ఉంటుంది. ఆ చివర నాలుగు కంబాలు, ఈ చివర నాలుగు కంబాలు. నడిమి రెండు కంబాల మధ్య తంతే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క కంబాల మధ్య పోయినా ఒక పాయింటు ఇస్తారు. తప్పినవాడికి కూడా ఏదో ఒకటి చేతిలో పెట్టే ఆట ఇంకొకటి నేను చదవలేదు.

వాళ్ల క్లబ్బు చొక్కాలు ఓబులేసు లాండ్రీకే వచ్చేవి. చినిగినవి వాడే కుట్టేవాడు. తర్వాత శుక్రవారాలు మైదానానికి కూడా పిలిచారు, సున్నంతో గీతలు వేయడానికి, నీళ్లు అందించడానికి. అలా ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు, వాళ్ల గడియారంలో నాలుగుకు, మా కొట్టులో ఫోన్ మోగేది. వాడు చూసింది చెప్పేవాడు, నేను చదివింది చెప్పేవాణ్ణి. మొదట్లో జట్టుకు తొమ్మిది మంది అన్నాడు. పుస్తకంలో పద్దెనిమిది అని ఉంది, సరిగ్గా లెక్కపెట్టుకోమన్నాను. తర్వాతి వారం పద్దెనిమిది అన్నాడు. అవన్నీ నోటుబుక్కుల్లో రాసుకున్నాను. చొక్కాలు ఉతికి కుట్టేవాడికి మనుషుల పేర్లతో పనేముంది, నంబర్లే చెప్పేవాడు. ఆ నంబర్లన్నిటిలో నాకు పదకొండు ఎక్కువ ఇష్టం.

ఈ ఏడు ఆ క్లబ్బువాళ్లు తమ చరిత్రలో గొప్ప ఆటగాళ్లెవరో కూర్చుని తేల్చుకోబోతున్నారని, తనను కూడా రమ్మన్నారని ఓబులేసు చెప్పాడు. విజిట్ వీసా తీసుకుని నేనూ వస్తానన్నాను. "ఇంత దూరం ఎందుకు లే నా" అన్నాడు. డబ్బు గురించి మొహమాట పడుతున్నాడనుకున్నాను. నా మనసులో ఇంకో పని కూడా ఉంది. వాణ్ణి వెంటబెట్టుకుని రావాలి. కొట్టులో వాడి మెషిన్ పంతొమ్మిదేళ్లుగా గుడ్డ కప్పి ఉంది. దాన్ని విప్పి నూనె వేశాను, కొత్త బెల్టు వేయించాను. తిరుగు టికెట్లు రెండు తీసుకున్నాను.

విమానంలో

పక్క సీటులో పుల్లంపేట ఆమె. సెలవు మీద వచ్చి తిరిగి పోతోంది. ఫింటాస్‌లోనే ఒక ఇంట్లో పదేళ్లుగా పని.

"ఎవురికోసం పోతాండావు నా?"

"తమ్ముడి కోసం." బంతాట సంగతి కూడా చెప్పాను.

"బంతాటకా? మా మామాకు చెప్తే నవ్వుతాది." యజమానురాలిని అక్కడ పనిచేసే ఆడవాళ్లు మామా అంటారు.

ఫింటాస్ సముద్రం ఒడ్డున ఉంటుందని చదివాను, ఎలా ఉంటుందని అడిగాను. "పక్కనే అంటారు నా. మిద్దె మీద గుడ్డలు ఆరేసేటప్పుడు ఒక గీత మాదిరి కనపడ్తాది. కిందికి దిగితే కనపడదు" అంది. కువైట్ వాళ్లు మొదట్లో ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్లని, చమురు ఆ తర్వాతే బయటపడిందని నేను చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "నువ్వు చూడకుండానే ఇంత తెలుసుకున్యావే" అంది. పొగడ్త అనుకుని సంతోషపడ్డాను. దిగాక ఆమె కోసం డ్రైవర్ వచ్చి ఉన్నాడు. పేరు అడగలేదని ఆమె కారెక్కాక గుర్తొచ్చింది.

వఫ్రా

ఆరేళ్ల కిందట లాండ్రీ మూతపడింది. ఓబులేసును వఫ్రాలో తోట ఉన్న ఒక ముసలి కఫీల్ తన పేరు మీదికి తీసుకున్నాడు. కఫీల్ అంటే మన మనిషికి అక్కడ పూచీ ఉండే యజమాని. అక్కడి నుంచి కూడా శుక్రవారాలు కూరగాయల బండిలో ఫింటాస్ మైదానానికి పోతున్నానని ఫోన్లో చెప్పేవాడు. వఫ్రా దేశానికి దక్షిణం కొస. తోటలు అంటారు గానీ చెట్లు కనపడవు. తెల్ల ప్లాస్టిక్ కప్పిన షెడ్లు వరసగా ఉంటాయి, లోపల కీరదోస, టమాటా. మధ్యలో గొర్రెల దొడ్లు. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఎవరూ దాని కోసం నిలబడరు.

తమ్ముణ్ణి ఐదేళ్ల తర్వాత చూశాను. జుట్టు నెరిసింది, మెడ వెనక తోలు నల్లబడి ముడతలు పడింది. విమానాశ్రయంలో నా పెట్టె అందుకుని, "ఎండలు ఉంటాయని చొక్కా ఒకటే తెచ్చుకున్యావా?" అన్నాడు. నిజమే. ఎడారి అని పుస్తకంలో చదివినవాణ్ణి, ఫిబ్రవరి అని ఆలోచించలేదు. బండి దిగేసరికి పళ్లు కొట్టుకుంటున్నాయి. తన స్వెటర్ ఇవ్వబోయి, ఎందుకో ఆగి, గదిలోంచి దుప్పటి తెచ్చి కప్పాడు.

బండి నడిపింది గంగారాం. జగిత్యాల దగ్గరి మనిషి, నాలుగేళ్లుగా ఓబులేసుతో ఒకే గదిలో ఉంటున్నాడు. నన్ను చూసి, "గీయనేనా లైబ్రరీ అన్న? మీ తమ్ముడు దినాం మీ ముచ్చటే జెప్తడు" అన్నాడు.

ఆ పూట ఓబులేసు రాగి సంగటి కెలికి కీరదోసతో పప్పు చేశాడు. రాగిపిండి ఫింటాస్ వైపు మన కొట్లలో దొరుకుతుందట. ఆ దోసకు మన దోసకాయ పులుపు లేదు, నీళ్ల రుచి. వాళ్ల మజ్జిగను లబన్ అంటారు, చిక్కగా, కొంచెం ఉప్పగా ఉంది. ఖుబ్జ్ అనే పలచటి రొట్టె మాత్రం బాగుంది. నేను తెచ్చిన ఊరగాయ నూనె పెట్టెలో కారి నోటుబుక్కు అంచులు ఎర్రబడ్డాయి. ఓబులేసు దాన్ని తుడుస్తూ పేజీలు తిప్పాడు.

"పద్దెనిమిది మందినీ తేల్చేసినా. నువ్వు ఒకసారి చూసి చెప్పు" అన్నాను.

"నీకు తెలిసినంత నాకేం తెలుసు నా" అన్నాడు.

మరుసటి రోజూ అక్కడే

వాళ్లు తెల్లవారకముందే పనికి పోయారు. నేను ఒక్కణ్ణే గదిలో. ఇక్కడ నిశ్శబ్దం మన పల్లెల నిశ్శబ్దం లాంటిది కాదు. పల్లెలో ఎంత నిశ్శబ్దమైనా కాకో కోడో అరుస్తుంది. వఫ్రాలో గాలి ప్లాస్టిక్ మీద కొట్టే చప్పుడు ఒకటే, పొద్దంతా. అప్పుడప్పుడు దూరంగా నీళ్ల మోటరు. పదింటికే చదవడానికి తెచ్చుకున్నది అయిపోయింది. లుంగీ ఉతికి తీగ మీద వేసి వచ్చి పడుకున్నాను. లేచి చూస్తే తీగ మీద లేదు. గాలి దాన్ని పక్క దొడ్లోకి చేర్చింది. నేను పోయేసరికి గొర్రెలు ఒక అంచు నమిలేశాయి. గొర్రెల కాపరి సూడాన్ మనిషి అనుకుంటాను. నాకు అతని మాట రాదు, అతనికి నా మాట రాదు. చినిగిన అంచు చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పూట నేను మాట్లాడిన మనిషి అతనొక్కడే.

సాయంత్రం గంగారాం షెడ్లు చూపించాడు. నాలుగో షెడ్డు దగ్గర ఆగి, "శుక్రారం నాలుగైతే మీ ఓబులన్న గీ షెడ్డెనకకు వోతడు. ఫోన్ వట్టుకొని మైదానంల ఉన్నట్టె ఒర్లుతడు. కొట్టిండు, ఎగిరిండు, వట్టిండు అనుకుంట. మేం ఫోన్ల మ్యాచ్ జూస్తున్నడేమో అనుకుంటం" అన్నాడు.

"శుక్రవారం ఫింటాస్ పోతాడు గదా, కూరగాయల బండిలో?"

"బండి నేనే నడుపుత. అది సిటీల షర్క్ దాకా వోతది, ఫింటాస్ల ఆగది." నా మొహం చూసి, "ఏమో అన్నా, ఆయన ఏడికి వొమ్మన్నా వోడు" అన్నాడు.

వేరే బండిలో పోతాడేమో అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక.

రాత్రి భోజనాల దగ్గర టికెట్ల మాట ఎత్తాను. శనివారం ఇద్దరం పోదాం, మెషిన్ తుడిచి పెట్టాను అని. ఓబులేసు సంగటి ముద్ద పప్పులో అద్ది కొంచెంసేపు అలాగే పట్టుకున్నాడు. "మీటింగ్ కానీలే నా. ఆడ నీ పదకొండు సంగతి తేలనీ, అప్పుడు చెప్తా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నా పదకొండు అన్నాడు.

ఫింటాస్

శుక్రవారం గంగారాం బండిని ఫింటాస్‌లో మా కోసమే ఆపాడు. ఎత్తైన మేడలు, కింద మన సరుకుల కొట్లు, మలయాళీల టీ కొట్లు. అల్లం వేసిన పాల టీ వంద ఫిల్సులు, దినారులో పదో వంతు. అది మన లెక్కలో ఎంతో ఓబులేసు చెప్పలేదు, "లెక్క వేసుకుంటే తాగలేవు నా" అన్నాడు. ప్రతి మేడ మీదా ఆరేసిన గుడ్డల కోసం చూశాను. చాలా మేడల మీద ఉన్నాయి. పుల్లంపేట ఆమె వాటిలో ఏ మేడ మీదుందో.

సముద్రానికి ఎదురుగా ఒక మేడ కింది హాలులో సమావేశం. ముప్పై మంది దాకా ఉన్నారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా వచ్చారు. ఆ దేశంలో మద్యం లేదు కాబట్టి అందరి చేతుల్లోనూ బార్లీ నీళ్ల డబ్బాలే. క్లబ్బు గుర్తు ఎడారిలో ఉండే ముళ్లతోక బల్లి. చూడటానికి మన ఉడుములా ఉంటుంది గానీ ఉడుము కాదు, ఆ తేడా నేను చదివాను. పాత చొక్కాలన్నీ ఒక బల్ల మీద కుప్పగా పోసి ఉన్నాయి. చేతుల్లేని చొక్కాలు, ముదురు ఎరుపు. ఓబులేసు లోపలికి రాగానే నలుగురైదుగురు "ఓబీ" అంటూ లేచి వచ్చి భుజాలు పట్టుకుని ఊపారు. ఆ పేరుతో వాణ్ణి పిలవడం నేను మొదటిసారి విన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు కొత్త. తర్వాత నేరుగా ఆ బల్ల దగ్గరికి పోయి చొక్కాలు మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు.

పెద్దమనిషి గ్రెగ్, బట్టతల ఇంజనీరు, మొదటి నుంచీ క్లబ్బులో ఉన్నవాడు. గోడ మీద తెల్ల బోర్డు పెట్టి తొమ్మిది గళ్లు గీశాడు.

"తొమ్మిదేనా?" అని నేను ఇంగ్లీషులో అడిగాను.

"తొమ్మిదే. ఇక్కడ అంత పెద్ద మైదానం ఎక్కడుంది, అంతమంది మనుషులు ఎక్కడున్నారు? మొదటి నుంచీ మేం తొమ్మిది మందిమే ఆడేది" అన్నాడు.

నేను ఓబులేసు వైపు చూశాను. వాడు చొక్కా మడత సరిచేస్తున్నాడు.

వాదన మొదలైంది. ఇంగ్లీషు వేగంగా పోయింది గానీ చాలావరకు అందింది. షేన్ అనే బడిపంతులు నాలుగో నంబరు కోసం నిలబడ్డాడు. ఎక్కువ గోల్స్ అతనివే. గ్రెగ్‌కు ఇరవై రెండు ఇష్టం. గోల్ కొట్టినవాణ్ణి అందరూ చూస్తారు, కొట్టనివ్వనివాణ్ణి ఎవరు చూస్తారని అతని మాట.

"నీ ఇరవై రెండు బంతిని తన్నింది నేను చూడలేదు" అన్నాడు షేన్.

"అవతలివాడు తన్నింది కూడా నువ్వు చూడలేదు గదా. ఎందుకు చూడలేదో ఆలోచించు" అన్నాడు గ్రెగ్.

ఒక్క సీజన్ మెరుపులా ఆడి పోయినవాడు గొప్పా, పన్నెండేళ్లు మామూలుగా ఆడుతూ ఒక్క ప్రాక్టీసు కూడా మానని వాడు గొప్పా అని గంటసేపు నడిచింది. ఒకామె లేచి, తన మొగుడి పేరు ఎవరూ ఎత్తడం లేదని, ఆయన ఆడిన దానికి ఎత్తకపోవడమే మేలని చెబితే హాలంతా నవ్వింది, ఆ మొగుడితో సహా. మా గ్రంథాలయం అరుగు మీద పాత కబడ్డీ ఆటగాళ్ల గురించి ఇలాగే పోట్లాడుకుంటారు. ఒక తేడా ఉంది. మా అరుగు మీద ఎవరి గురించి మాట్లాడితే వాళ్లు ఊళ్లోనే ఎక్కడో ఉంటారు. ఇక్కడ పేరెత్తిన ప్రతివాడి గురించీ చివర "ఇప్పుడెక్కడున్నాడు?" అని ఒకరు అడుగుతున్నారు. పెర్త్ అని, దోహా అని, తెలియదని ఇంకొకరు చెబుతున్నారు.

పదకొండు మాట ఎవరూ ఎత్తలేదు. అది నాకు అన్యాయం అనిపించింది. చెయ్యెత్తాను. గ్రెగ్, "ఓబీ అన్నగారు మాట్లాడతారు" అని అందరినీ ఆపాడు. ఊరగాయ నూనె అంటిన నోటుబుక్కు తెరిచి, రాత్రి గదిలో అభ్యాసం చేసిన ఇంగ్లీషులో చెప్పాను. పంతొమ్మిదేళ్లుగా ఆడుతున్న పదకొండో నంబరును మరిచారు, ఆయన ఆట నా దగ్గర రాసి ఉంది, అన్నాను.

మొదటి పేజీ చదివాను. జారే నేల మీద ఎడమకాలితో అరవై గజాల నుంచి తన్నిన గోల్. "కాలిన్" అన్నారు ఇద్దరు ఒకేసారి, సంతోషంగా. తర్వాతది చదివాను, విరిగిన వేళ్లతో కుడికాలి ఆట. "అది మైక్, కాలిన్ పోయాక వచ్చినవాడు" అన్నాడు షేన్. ముగ్గురి భుజాల మీదుగా ఎగిరి బంతి పట్టిన సంగతి చదివాను. "టిమ్, ఆరడుగుల నాలుగంగుళాలు" అన్నారు. నేను ఇన్నేళ్లూ ఆ మనిషి రెండు కాళ్లతోనూ తన్నగలడని, ఒక్కో ఏడు ఒక్కోలా ఆడగలడని మురిసిపోయాను. ముగ్గురు మనుషులు. చదవడం ఆపలేకపోయాను. ఐదేళ్ల కిందటిది చదివాను, గాలిదుమారంలో ఎవరికీ ఏమీ కనపడకపోతే చప్పుడు విని బంతి పట్టిన ఆట. ఎవరూ పేరు చెప్పలేదు. మూడేళ్ల కిందటిది చదివాను. నిరుడు దుబాయ్ జట్టు మీద ఆఖరి నిమిషంలో గురి తప్పి, ఆ తప్పిన ఒక్క పాయింటుతోనే గెలిచిన ఆట చదివాను.

గ్రెగ్ మెల్లిగా అన్నాడు. "సార్, నిరుడు మేం రెండే ఆటలు ఆడాం. మనుషులు చాలడం లేదు. దుబాయ్ మీద ఆడి చాలా ఏళ్లయింది. పదకొండో చొక్కా ఓబీ దగ్గరే ఉంది. లాండ్రీ మూసిన రోజు మేమే ఇచ్చాం. ఆ తర్వాత ఆ నంబరు ఎవరూ వేసుకోలేదు. ఓబీని చూసి కూడా ఆరేళ్లయింది."

నేను తిరిగి చూశాను. ఓబులేసు తల ఎత్తలేదు. ఆఖరి చొక్కా మడత పెట్టి, అరచేత్తో రెండుసార్లు రాసి, మిగతావాటి మీద పెట్టాడు. మా కొట్టులో గిరాకీకి ఇచ్చే చొక్కాను అలాగే రాయమని వాడికి నేర్పింది నేను.

వెనకనుంచి ఎవరో, "ఆ గాలిదుమారం ఆట ఇంకోసారి చదవండి" అన్నారు. ఎగతాళి చేస్తున్నారేమో అని చూశాను. కాదు. ఇంకో ఇద్దరు కుర్చీలు ముందుకు లాక్కున్నారు. నోటుబుక్కు మూసి కూర్చున్నాను. కాసేపటికి వాదన మళ్లీ మొదలైంది. తొమ్మిది గళ్లూ నిండాయి. పదకొండు వాటిలో లేదు. పోయేటప్పుడు గ్రెగ్ నా చెయ్యి పట్టుకుని, ముగ్గురు మనుషులకు ఒక గడి ఇవ్వలేమని, ఏమీ అనుకోవద్దని చెప్పాడు. ఆ ముగ్గురి తర్వాత వచ్చిన నాలుగో మనిషి గురించి నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

షర్క్

ఆ రాత్రి ఫింటాస్‌లో మన జిల్లా వాళ్ల గదిలో ఒక మూల పడుకున్నాం. శనివారం పొద్దున ఓబులేసు, "షర్క్‌లో చేపల అంగడి చూపిస్తా రా" అన్నాడు. విమానం సాయంత్రానికి.

షర్క్ నగరం నడిబొడ్డు. అద్దాల ఆఫీసు మేడలు ఒక పక్క, పాత చెక్క పడవలు ఇంకో పక్క, మధ్యలో చేపల అంగడి. నేల కడిగి, ఐసు మీద చేపలు పేర్చి, అంత శుభ్రమైన అంగడి నేను చూడలేదు. జుబైదీ అనే చేపను అక్కడ రాజులా చూస్తారు. అది మన తెల్ల చందువ. కిలో పది దినార్లన్నాడు అమ్మేవాడు. నేను కొననని మొహం చూసి తెలుసుకుని, ఊరికే పట్టుకుని చూడమని చేతికిచ్చాడు. చల్లగా, బరువుగా ఉంది. తిరిగి ఇచ్చేశాను.

బయట సముద్రం ఒడ్డున రాతి గట్టు మీద కూర్చున్నాం. పుల్లంపేట ఆమె చెప్పిన గీత ఇక్కడ చాలా పెద్దది. గాలి కోస్తోంది. చివరికి నేనే అడిగాను.

"ఎందుకురా అబద్ధం చెప్పినావు?"

"ఏది నా? చానా ఉండాయి గదా."

"తొమ్మిది మంది సంగతి చెప్పు ముందు."

"తొమ్మిదే అని చెప్పినా గదా మొట్టమొదట. నువ్వేమన్యావ్? పుస్తకంలో పద్దెనిమిది ఉండాది, సరిగ్గా లెక్కబెట్టుకో అన్యావ్. మూడు తూర్లు లెక్కబెట్టినా నా. తొమ్మిదే. నువ్వు సదివినోడివి, నిన్నేం కాదంటా. ఆ పొద్దు నుంచి నువ్వు చెప్పిందే నేను తిప్పి చెప్తా వచ్చినా."

నోటుబుక్కు ఉన్న సంచిని పక్కకు జరిపాను.

"మరి పదకొండు?"

"నాలుగో నంబరోడు వాళ్ల దేశం పోయినాడని చెప్పినప్పుడు గుర్తుందా? నెల దినాలు అదే అడిగినావ్. ఎందుకు పోయినాడు, మళ్లా వస్తాడా అని. మనింటి మనిషి పోయినట్టు దిగులు పడితివి. ఈడ ఎవురూ ఉండరు నా. రెండేండ్లు, మూడేండ్లు, ఖలాస్, పోతారు. అందరూ పోయేవాళ్లే అని వారం వారం నీకేం చెప్పేది? అందుకే పదకొండును మాత్రం పోనీలేదు."

"ఆరేండ్లుగా మైదానమే చూడలేదు గదరా."

"వఫ్రాలో ఏముండాది చెప్పను? పొద్దున కీరదోస కోసినా, మాపటికి కీరదోస కోసినా. అది చెప్తే రెండు వారాలు వింటావు. మూడో వారం నువ్వేం మాట్లాడతావు, నేనేం మాట్లాడతా? ఫోన్ పెట్టేస్తాం." గట్టు మీద చిన్న రాయి తీసి నీళ్లలోకి విసిరాడు. "నువ్వు కొట్టు ఆపి, పెన్ను పట్టుకోని కూచుంటావని నాకు తెలుసు. నాలుగో షెడ్డు ఎనక నిలబడితే నువ్వు ఆ స్టూలు మీద కూచున్నట్టే ఉంటాది."

నాకు వణుకు వచ్చింది. వాడు చూశాడు. ఈసారి ఆగలేదు, స్వెటర్ తలమీదుగా తీసి నా ఒళ్లో పెట్టాడు. కింద ముదురు ఎరుపు చొక్కా, ఉతికి ఉతికి ఇటుక రంగుకు వచ్చింది. ఛాతీ మీద బల్లి. లేచి అటు తిరిగినప్పుడు వీపు మీద పదకొండు కనపడింది. కుడి భుజం దగ్గర చినిగిన చోట రఫు కుట్టు. దగ్గరికి పోయి వేలితో తడిమాను. ముడి లోపలికి పోయింది, పైన దారం కనపడదు. అది మా కొట్టు కుట్టు. నేను వాడి చెయ్యి పట్టుకుని నేర్పిన కుట్టు. ఆ చలిలో చేతుల్లేని చొక్కాతో నిలబడినవాణ్ణి చేపలవాళ్లు వింతగా చూస్తున్నారు.

"ఇంటికి పోదాం రారా. టికెట్ ఉంది" అన్నాను.

"ఇఖామా కొట్టించేసినా నా. రెండేండ్లకు. నువ్వు వస్తానని ఫోన్ చేయకముందే." వాడు నా వైపు చూడలేదు. "ఆడికొస్తే మెషిన్ ముందర ఇద్దరం ఎదురెదురుగా కూచుంటాం. నువ్వు పదకొండు సంగతి అడుగుతావ్. నేను ఏం చెప్పాల?"

"ఇప్పుడు తెలిసిపోయింది గదా."

"ఇప్పుడు తెలిసింది. ఇఖామా కొట్టించినప్పుడు తెలీదు గదా" అన్నాడు.

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం. అది కొట్టించాక కఫీల్ ఒప్పుకోకుండా కదలడం కష్టం. వాడు ఒప్పించడానికి ప్రయత్నించను అనలేదు, ప్రయత్నిస్తాను అనీ అనలేదు. విమానాశ్రయం దాకా వచ్చాడు. స్వెటర్ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "యల్లా, పో నా, లైను కదులుతాంది" అన్నాడు. రెండో టికెట్ నా జేబులోనే ఉంది. విమానంలో పక్క సీటు ఖాళీగా వచ్చింది. ఎవరైనా అడుగుతారేమోనని కాసేపు దాని మీద నా సంచి పెట్టాను.

తిరిగి వచ్చాక

గ్రంథాలయంలో ఆ పుస్తకం మళ్లీ తీశాను. ఆస్ట్రేలియా ఆట ఉన్న పేజీ అంచున పెన్సిల్‌తో చిన్నగా రాశాను, కువైట్‌లో తొమ్మిది మంది ఆడతారని. గ్రంథాలయ పుస్తకంలో రాయకూడదు. ఎవరూ చూడకుండా రాశాను. నా జీవితంలో పుస్తకాన్ని నేను సరిదిద్దడం అదే మొదలు.

వచ్చిన మొదటి శుక్రవారం ఆరున్నరకు కొట్టు ఆపి స్టూలు మీద కూర్చున్నాను. ఫోన్ మోగలేదు. ఏడింటికి గిరాకీ ఒకాయన వచ్చి ప్యాంటు అంచు కుట్టమంటే రేపు రమ్మన్నాను. ఎనిమిదిన్నర దాకా కూర్చుని కొట్టు మూశాను. వారమంతా వాడి మెషిన్ మీద గుడ్డ కప్పాలా వద్దా అని ఆలోచించి, కప్పలేదు.

రెండో శుక్రవారం మోగింది. వెనక ఆ ప్లాస్టిక్ చప్పుడు వినపడింది. ఇప్పుడు నాకు అది ఏ చప్పుడో తెలుసు.

"నా, గాలి జాస్తిగా ఉండాది ఈ వారం" అన్నాడు. "రెండో షెడ్డు పక్క పొడుగునా చినిగిపోయింది. గంగారాం తాళ్లతో కడదామన్యాడు. నేను వద్దని సూదీ నైలాను దారం తీసుకోని కుట్టేసినా. నిచ్చెన మీద మూడు గంటలు."

"ముడి యాడ పెట్టినావు?"

"లోపలికే. గాలికి పట్టుకోకుండా."

"గాలి నిలిచిందా?"

"నిలిచింది. దోసతీగలు ఒక్కటి గూడా పోలే."

నోటుబుక్కు తెరిచాను. తారీఖు వేశాను. పంతొమ్మిదేళ్లుగా ప్రతి శుక్రవారం చివర అడిగే మాటే అడిగాను. ఈవారం బాగా ఆడిందెవరు?

చాలాసేపు ప్లాస్టిక్ చప్పుడే వినపడింది.

"నేనే నా" అన్నాడు.

పదకొండు అని వేసి, దాని ఎదురుగా మొదటిసారి పేరు రాశాను.